మా లారీ బెల్టూ, వదిన పట్టిన దారమూ

మొన్న బీచుపల్లి వంతెన దిగి, హైవే పక్కన టీ కోసం ఆగాను. అక్కడ ఒక లారీ ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. లోపలి నుంచి పిచ్చుక పిల్లలు అరుస్తున్నట్టు కిచకిచమని సన్నటి చప్పుడు. డ్రైవరు ఫోను చూసుకుంటూ హాయిగా టీ తాగుతున్నాడు గానీ, నా గ్లాసు మాత్రం నోటి దగ్గరే ఆగిపోయింది. ఆరేళ్ల కింద, వడ్లు కొనే రోజుల్లో, నాకు అన్నం సయించనివ్వని చప్పుడది. "బెల్టు పక్కకు జరుగుతుంది, చూసుకో తమ్మీ" అని అతనితో అన్నాను. ఆ మాట నాది కాదనీ, మా వదినదనీ వెంటనే గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

మా వదిన గద్వాల నేతింటి ఆడబిడ్డ. మా అన్న వనపర్తి బైపాసు మీద రేకుల షెడ్డు వేసుకుని లారీలు బాగుచేసేవాడు. షుగరు వల్ల ఆయనకు చూపు మందగించింది. చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు గానీ, ఆ బోల్టు ఎక్కడుందో కనపడేది కాదు. మొదట్లో వదిన మధ్యాహ్నం అన్నం తీసుకొచ్చి, పక్కన నిలబడి "గిదా? గిదేనా?" అని వేలు పెట్టి చూపించేది. ఏడాదికల్లా పానా ఆమె చేతికొచ్చింది. మూడేళ్లకు అన్న స్టూలు మీద కూర్చుని రేడియో వింటుంటే, ఆమె కొంగు నడుముకు దోపి లారీ కింద ఉండేది. "మిస్త్రీ లేడా అమ్మా?" అని అడిగినవాళ్లకు తల కూడా ఎత్తకుండా "నేనే గద, చెప్పు" అనేది. ఇదంతా కళ్లారా చూసినవాణ్ణి నేను. అయినా నా లారీ మొరాయించినప్పుడు ఆమె దగ్గరకు పోలేదు. వదిన చేత బాగుచేయించుకున్నాడని తోటి డ్రైవర్లు నవ్వుతారని నా భయం. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

ఈ కొత్త లారీలకు ఇంజను ముందు ఒకటే పొడుగాటి బెల్టు ఉంటుంది. పాములా మెలికలు తిరుగుతూ నీళ్ల పంపునూ, బ్యాటరీకి కరెంటిచ్చే డైనమోనూ అదే తిప్పుతుంది. దాని గాళ్లు అది చుట్టుకునే ప్రతి చక్రం, అంటే పుల్లీ, గాళ్లలో సరిగ్గా కూర్చోవాలి. నా లారీలో అది మెల్లగా ఒక గాడి పక్కకు జరిగి, అంచు అరిగి, పీచులు తేలి, చివరికి జారి పడిపోయేది. బెల్టు పోతే నీళ్లు తిరగవు, ఇంజను వేడెక్కుతుంది, లారీ ఎక్కడుంటే అక్కడే ఆగాలి. మొదటిసారి తెలకపల్లి దాటాక పోయింది. కొత్తది వేస్తే నాలుగో రోజుకు అదీ పోయింది. నాగర్‌కర్నూల్‌లో ఒక మిస్త్రీ, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ మార్చాడు. మూడో బెల్టు రెండు రోజులు కూడా నిలవలేదు. అప్పుడాయన చేతులు తుడుచుకుంటూ, "క్రాంకే వంగినట్టున్నది. ఇంజను దింపాలె. వారం పడ్తది" అన్నాడు. క్రాంకంటే ఇంజను లోపల తిరిగే అసలు ఇరుసు, ఈ బెల్టును తిప్పేదీ దాని కొననున్న పుల్లీయే.

వారం నా దగ్గర లేదు. తెలకపల్లి దగ్గరి కొనుగోలు సెంటర్లో వడ్లు ఆరుబయట కుప్పలుగా ఉన్నాయి. వాటిని గోదాముకు చేర్చాల్సింది నా లారీయే. ఒక ముసలి రైతు తన కుప్ప పక్కనే మంచం వేసుకుని కాపలా కాస్తున్నాడు. ఆయన ఫోన్ చేసి, "బిడ్డా, మబ్బు వట్టింది. తడిస్తే మొలకలొస్తయి. జర జల్ది చూడు" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ మెత్తని మాట విన్నాక డ్రైవర్ల నవ్వు సంగతి మరిచిపోయాను. నాలుగో బెల్టు వేసుకుని, దారంతా ఆగి ఆగి చూసుకుంటూ, మర్నాడు పొద్దున్నే వనపర్తి చేరాను.

వదిన నన్ను ఏమీ అనలేదు. "పది దినాల సంది తిరుగుతున్నవంట. ఇయ్యాల గుర్తొచ్చిన్నా?" అని మాత్రం అంది. మా వదిన విషయంలో అది ఏమీ అనకపోవడమే. నేను టెన్షనర్ గురించీ క్రాంకు గురించీ మొదలుపెడితే, "ఏమేం మార్చినవో తర్వాత చెప్పు. ముందుగాల ఏమైతుందో చూడనియ్యి" అని క్యాబిన్ ఎత్తించింది. ఇంజను నడుస్తుండగా ఎడంగా నిలబడి ఒక్కో పుల్లీనీ చాలాసేపు చూసింది. సీసాతో బెల్టు మీద కాసిని నీళ్లు చిమ్మింది. కిచకిచ ఆగింది, కాసేపటికి మళ్లీ మొదలైంది. స్టూలు మీద అన్న చెవి ఇటు తిప్పాడు. "నీళ్లు వడంగనె ఆగిందంటే బెల్టు వదులు గాదు. ఏదో పుల్లీ వంకరున్నది" అన్నాడు.

ఇంజను ఆపించి, బెల్టు తీసేసి, పుల్లీలన్నీ చేత్తో తిప్పింది. క్రాంకు పుల్లీ దగ్గర ఆమె చెయ్యి ఆగినప్పుడు నేను ముందుకు వంగి చూశాను. "గిది సాఫ్‌గ తిరుగుతుంది. క్రాంకుకేం గాలే" అంది. తర్వాత డబ్బాలోంచి నూలు దారం తీసి, ఒక కొన నా చేత క్రాంకు పుల్లీకి ఆనించి పట్టించింది. రెండో కొనను డైనమో పుల్లీ మీదికి బిగువుగా లాగి, ఒక కన్ను మూసి చూసింది. మగ్గం దగ్గర పెరిగిన మనిషి, దారం వెంట్రుకంత పక్కకున్నా ఓర్చుకోలేదు. క్రాంకు పుల్లీ రెండంచులనూ తాకిన దారం, డైనమో పుల్లీని ఒక్క అంచునే తాకింది. రెండో అంచు దగ్గర గోరు దూరేంత సందు.

"దొరికింది. బెల్టుది తప్పు గాదు మర్దీ, డైనమో తల వంచుకొని కూసుంది" అంది.

డైనమోను పట్టి ఉంచే బ్రాకెట్ విప్పింది. దానికీ ఇంజనుకూ మధ్య, కింది బోల్టు దగ్గర ఒక వాషర్ ఇరుక్కుని ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని, "గీడ వాషర్ పెట్టిన మొగోడు ఎవడు?" అని అడిగింది. ఆ నెల మొదట్లో డైనమో మార్చుకున్నప్పుడు, బోల్టు తల కింద వేయాల్సిన వాషర్‌ను బ్రాకెట్ వెనక పెట్టి బిగించింది నేనే. పది రోజులుగా బెల్టులు చేసినవాళ్లనూ, అమ్మినవాళ్లనూ, రోడ్లనూ తిట్టుకుంటూ తిరిగాను. "నేనే వదినా" అన్నాను. అన్న స్టూలు పట్టుకుని మరీ నవ్వాడు. వదిన నవ్వకుండా వాషర్‌ను దాని చోట వేసి బిగించి, మళ్లీ దారం పట్టింది. ఈసారి అన్ని అంచులనూ తాకింది. కొత్త బెల్టు ఎక్కించి ఇంజను స్టార్ట్ చేయిస్తే, అది గీత గీసినట్టు గాళ్లలోనే నడిచింది. ఒక్క కూత లేదు. అప్పుడు నవ్వింది మా వదిన, మొహమంతా నవ్వి, మసి చేత్తోనే నా వీపు మీద ఒక్కటి చరిచింది.

ఆ మధ్యాహ్నానికే తెలకపల్లిలో ఉన్నాను. రెండు రోజుల పాటు తిప్పగలిగినన్ని ట్రిప్పులు తిప్పాను. ముసలాయన వడ్లు గోదాము చేరిన మర్నాడు వాన దంచికొట్టింది. "నా గింజ ఒక్కటి తడువలే బిడ్డా" అని ఆయన ఫోన్లో అరిచిన అరుపు మా వదినకు కూడా వినిపించాను. నెల తిరక్కుండానే నాగర్‌కర్నూల్ మిస్త్రీ తనకు అంతుబట్టని లారీనొకదాన్ని తానే నడుపుకుంటూ వచ్చి, "అక్కా, జర చూస్తవా?" అని షెడ్డు ముందు నిలబడ్డాడు. ఆ ఏడాది నుంచి ఆ రోడ్డు మీద బెల్టు కూసిన ప్రతి లారీకీ ఆమె దారం తెలుసు.

ఆమె చూసింది ఒక్క పూట. నేను ఉరుకులాడింది పది రోజులు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, నేను పోగొట్టుకున్న రోజుల్లో చాలా వరకు తొందరపడి పోగొట్టుకున్నవే.