సత్తెమ్మ తొక్కు

గచ్చిబౌలిలో పెద్ద పెద్ద అద్దాల భవనాల వెనక ఒక ఇరుకు సందు ఉంది. మధ్యాహ్నం పన్నెండు కాగానే నాలుగు చక్రాల బండి ఒకటి అక్కడికి వచ్చి ఆగేది. దాని మీద జొన్నరొట్టెలు, పప్పు, వరసగా ఐదారు జాడీలు. ముందు వేలాడే రేకు మీద పసుపు రంగుతో ఒకటే మాట ఉండేది: తొక్కు. రాయించిన సత్తెమ్మకు చదువు రాదు. అయినా ఆ రెండక్షరాలు ఎక్కడ కనబడినా గుర్తుపడుతుంది. వాటి వంపు మీద వేలు పెట్టి ఎన్నిసార్లు తుడిచిందో!

ఆ రేకు అక్కడ వేలాడటానికి మొదలు ఎక్కడంటే, ఒక ఆఫీసు ఫ్రిజ్‌లో.

సత్తెమ్మది మెదక్ జిల్లాలో అందోలు దగ్గర పల్లె. వేసిన రెండు బోర్లూ ఎండిపోయాక భర్త ఎల్లేశం తెల్లాపూర్‌లో ఒక పెద్ద అపార్టుమెంట్ల గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. మణికొండలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. సత్తెమ్మ గచ్చిబౌలిలో ఒక కంపెనీ మూడో అంతస్తులో హౌస్‌కీపింగ్‌లో చేరింది. నీలం కోటు తొడుక్కుని కాఫీ మిషన్ తుడవడం, కప్పులు కడగడం, బల్లలు శుభ్రం చేయడం ఆమె పని. పైన సూపర్‌వైజర్ జయలక్ష్మి. తణుకు ఆవిడ. మాట కొంచెం దురుసే కానీ మనిషి చెడ్డది కాదు. ఒకసారి సత్తెమ్మకు జ్వరం వచ్చి కప్పుల ముందే కూలబడితే, ఆటో ఎక్కించి దవాఖానకు తీసుకుపోయింది ఆవిడే.

రెండువేల పది మొదట్లో సంగతి ఇది. బయట ప్రత్యేక తెలంగాణ కోసం ఊరేగింపులు, బందులు. లోపల అందరూ మౌనంగా కీబోర్డులు కొట్టుకునేవారు గానీ, లిఫ్టులో ఎవరు "అండి" అన్నారో, ఎవరు "ఇగ" అన్నారో పక్కవాళ్ల చెవులు కనిపెడుతూనే ఉండేవి.

ఆ చలికాలం సత్తెమ్మ అత్త పోచమ్మ చింతకాయ తొక్కు నూరి, జాడీకి గుడ్డ కట్టి, ఊరి బస్సులో పంపించింది. శివరాత్రి పోయాక పోచమ్మ పోయింది. దినాలు చేసి వచ్చాక చూస్తే, కిరాయి గది గోడలు చెమ్మపట్టి ఉన్నాయి. జాడీలో సగం మిగిలింది. బూజు వస్తే ఇక అత్త చేతిది దొరకదు. అందుకని సత్తెమ్మ దాన్ని చీర కొంగులో పెట్టుకుని ఆఫీసుకు తెచ్చి, ప్యాంట్రీ ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టింది.

నాలుగో రోజు ఎవరో విదేశీ అతిథులు వస్తున్నారని మూడో అంతస్తంతా హడావిడి. సత్తెమ్మ కింద రిసెప్షన్ అద్దాలు తుడుస్తుంటే జయలక్ష్మి ఫోన్ చేసింది.

"సత్తెమ్మా, ఫ్రిజ్‌లో గుడ్డ కట్టిన జాడీ నీదేనా? ఏముందమ్మా అందులో?"

"తొక్కు మేడం."

"తొక్కులా? అవి ఫ్రిజ్‌లో పెట్టుకున్నావేంటి? తీసేయించెయ్యనా?"

అత్త చేతి తొక్కు మేడం కూడా రుచి చూస్తుందని సత్తెమ్మకు సంబురమైంది. "తియ్యుండ్రి మేడం. ఫికర్ లేదు, మొత్తం తియ్యుండ్రి!"

పైకి వచ్చేసరికి జాడీ కడిగి, సింకు పక్కన బోర్లించి ఉంది. లోపల తడి చుక్క తప్ప ఏమీ లేదు. చెత్త సంచి అప్పటికే కిందికి వెళ్లిపోయింది.

"నా తొక్కేది మేడం?"

"నువ్వే కదమ్మా తీసెయ్యమన్నావ్! నారింజ తొక్కులో ఏవో, మొహానికి నూరుకోవడానికి దాచుకున్నావనుకున్నా. అబ్బాయి చేత బయట పారబోయించాను."

"తొక్కు మేడం... తినే తొక్కు. మా అత్త నూరింది."

జయలక్ష్మి ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. వెనక అతిథులు లిఫ్టు దిగుతున్న చప్పుడు. "అయ్యో! పచ్చడి అని చెప్పొచ్చు కదా సత్తెమ్మా," అని గబగబా వెళ్లిపోయింది.

కాఫీ మిషన్ దగ్గర నిలబడ్డ నలుగురిలో ఒకడు, "తొక్కలో తొక్కు," అన్నాడు. మిగతా ముగ్గురూ నవ్వారు. ఆ మాట ఆ అంతస్తులో చాలా రోజులు తిరిగింది.

ఇంటికి వెళ్లి సత్తెమ్మ జాడీని గూట్లో పెట్టింది. ఎల్లేశం డ్యూటీ నుంచి వచ్చి, ఆమె మొహం చూసి ఏమైందని అడిగాడు.

"అత్త చేతిది పొయ్యిందని కాదయ్యా. మనం నోట్లె పెట్టుకునేదాని పేరు, ఆళ్లకు చెత్త పేరు. గిన్నేండ్ల సంది నాకు ఎరుకనే లేదు."

ఆ బాధ ఎక్కడా దిగలేదు. కప్పులు కడుగుతుంటే గుర్తొచ్చేది, బల్ల తుడుస్తుంటే గుర్తొచ్చేది. మళ్లీ చలికాలం రాగానే సత్తెమ్మ సంతకు పోయి సంచి నిండా పచ్చి చింతకాయలు తెచ్చింది. మేడ మీద ఇంటి ఓనరు పాత రోలు ఉంటే అడిగి తీసుకుంది. ఉప్పు, పసుపు వేసి దంచడం మొదలుపెట్టింది. పక్క మేడ మీద బట్టలు ఆరేస్తున్న వాళ్లు తొంగిచూసేంత చప్పుడు.

ఎల్లేశం మెట్ల మీదే ఆగిపోయాడు. "ఎవల్ని దంచుతున్నవే?"

"నీకెందుకు?"

"ఏం లేదు. నేనే అయితే జర దూరం కూసుందామని."

ఆమె నవ్వలేదు. మూడు రోజుల తరువాత ఈనెలు తీసి మళ్లీ నూరి నాలుక మీద పెట్టుకుంటే, వగరు. నోరంతా పట్టేసింది. ఎల్లేశం ఒక ముద్ద తిని నీళ్లు తాగాడు.

ఆ సాయంత్రం సత్తెమ్మ రోలు పక్కనే కూర్చుండిపోయింది. పెళ్లైన కొత్తలో అత్త చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. "గట్టిగ దంచకు బిడ్డా. కాయ మెత్తగావాలె గని గింజ పగలొద్దు. లేత గింజ పగిలితే ఒగరెక్కుతది. పైపైన దంచి మూడొద్దులు ఊరనియ్యి, గింజ దానంతటదే ఇడుస్తది." ఆ కాయల్లో తను జయలక్ష్మిని దంచింది, కాఫీ మిషన్ దగ్గరి నలుగురినీ దంచింది. పగిలింది మాత్రం గింజ.

వగరు తొక్కంతా పారబోసింది. ఈసారి తన చేత్తోనే. జనవరిలో మళ్లీ కాయలు తెచ్చి, రోకలి ఎత్తీ ఎత్తనట్టు దంచింది. చేతికి కోపం వచ్చినప్పుడల్లా రోకలి పక్కన పెట్టి, కాసేపు ఊరికే కూర్చునేది. పోచమ్మ జాడీ మళ్లీ నిండింది.

ఆ ఏడు మృగశిర కార్తె వచ్చాక ఒక ఆదివారం, రోడ్ల మీద వంటావార్పు జరిగింది. ఉద్యమంలో అదొక పద్ధతి. రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి, పొయ్యిలు వెలిగించి, అక్కడే వండుకుని అక్కడే బంతులుగా కూర్చుని తినడం. గచ్చిబౌలి వైపు కూడా జనం వచ్చారు. కూలీలు, డ్రైవర్లు, వాచ్‌మన్లు, వాళ్ల మధ్య మెడలో ఐడీ కార్డులు వేసుకున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు. సత్తెమ్మ జొన్నరొట్టెలు మూటకట్టుకుని, జాడీ ఎత్తుకుని వెళ్లింది.

విస్తరిలో పెట్టింది తిని ఒకడు తలెత్తి చూశాడు. మూడో అంతస్తులో కూర్చునే రాకేశ్. సిద్దిపేట పిల్లవాడు. ఆఫీసులో అతని నోట ఒక్కసారి కూడా "ఇగ" అన్న మాట వినలేదు సత్తెమ్మ.

"అక్కా, నువ్వు మా ఫ్లోరే గద! రోజు కాఫీ ఇస్తవ్. గింత మంచిది ఇన్నొద్దులు దాచిపెట్టినవా?"

"దాచలే బిడ్డా. పారేసిండ్రు."

రాకేశ్ చెయ్యి రొట్టె మీదే ఆగిపోయింది. "ఆ దినం మిషన్ కాడ నేను గూడ ఉన్న అక్కా. నేను గూడ నవ్విన."

సత్తెమ్మ ఇంకో రొట్టె అతని విస్తరిలో వేసింది. "తిను. సల్లారుతది."

ఆరోజు జాడీ అడుగు కనబడింది. వేళ్లతో తుడుచుకుని నాకినవాళ్లు, ఎక్కడ దొరుకుతుందని అడిగినవాళ్లు, మళ్లీ ఎప్పుడు తెస్తావని వెంటబడినవాళ్లు. ఇంటికి వచ్చే దారిలో సత్తెమ్మ వట్టి జాడీని చంకలో పెట్టుకుని నడుస్తూ, నీలం కోటు గురించి ఆలోచించింది.

మరుసటి ఏడు ఆ కోటు ఉతికి, మడతపెట్టి జయలక్ష్మికి అప్పగించింది. "ఎక్కడ చేరుతున్నావ్?" అని ఆవిడ అడిగితే, "యాడ లేదు మేడం, ఎనక సందులనే," అంది. రేకు మీద అక్షరాలు రాకేశ్ రాశాడు.

పనిలో దిగాక ఆమె వేరే మనిషైంది. చింతకాయ కాలం పోతే మామిడి, మామిడి పోతే టమాట, ఆ తరువాత పుంటికూర, అదే గోంగూర. మిరపకాయలు ఊరివే కావాలని నెలకోసారి అందోలు బస్సెక్కేది. ఎవరి నాలుక ఎంత కారం ఓర్చుకుంటుందో మొహం చూసి చెప్పేది. గుంటూరు, ఏలూరు పిల్లలు కూడా వచ్చేవాళ్లు. "ఆంటీ, కొంచెం పచ్చడి వెయ్యండి," అంటే గరిటె గాలిలోనే ఆపేది.

"ఏందది?"

"పచ్చడండీ."

"తొక్కు అను, ఏస్త."

వాళ్లు నవ్వుతూ అనేవాళ్లు. మొదట్లో ఆ మాట వాళ్ల నోట పలికిస్తుంటే గెలిచినట్టు ఉండేది. రానురాను అది అలవాటైంది. కొత్తగా వచ్చినవాళ్లకు పాతవాళ్లే చెప్పేవాళ్లు. ఒక్క మనిషి నోట మాత్రం ఆమె ఆ మాట వినలేదు. ఆవిడ సందు చివరి నుంచి ఆఫీసు బస్సు ఎక్కేది, బండి వైపు చూసేది కాదు.

రెండువేల పదమూడు డిసెంబరులో, రాష్ట్రం విడిపోవడం ఇక ఖాయమని అందరూ అనుకుంటున్న రోజుల్లో, జయలక్ష్మి మణికొండ వచ్చింది. సత్తెమ్మ మేడ మీద చింతకాయలు ముందేసుకుని కూర్చుని ఉంది.

"ఆఫీసు కింద ఫుడ్‌కోర్టులో ఒక స్టాల్ ఖాళీ అయింది సత్తెమ్మా. నీ పేరు చెప్పాను. మేనేజర్ సరేనన్నాడు. ఎండా వానా ఉండదు, నీళ్లుంటాయి. ఒక్కటే అన్నాడు. బోర్డు మీద ఆ మాట వద్దట. పచ్చడి అని పెట్టమన్నాడు."

సత్తెమ్మ కాయ తొడిమ తుంచుతూనే ఉంది. స్టాల్ ఆమెకు కావాలి. మోకాళ్లు నొప్పి పెడుతున్నాయి. వాన పడితే ఆ రోజు బండి లేదు.

"ఆ మాట తీస్తె నేనెందుకు మేడం ఆడ? పచ్చడి పెట్టెటోళ్లు శానమంది ఉన్నరు."

"ఒక్క మాట కోసం ఇంత మంచి చోటు వదులుకుంటావా?"

"ఆ ఒక్క మాట కోసమే గద బండి పెట్టిన."

జయలక్ష్మి మెట్లు దిగి వెళ్లిపోయింది. సరిగ్గా వారానికి మళ్లీ వచ్చింది. రోలు ముందు పీట మీద కూర్చుంది.

"ఆ మాటే ఉండనివ్వమని అడిగి చూశాను. కుదరదన్నాడు. స్టాల్ ఇంకెవరికో ఇచ్చేశారు."

"పోనియ్యుండ్రి." సత్తెమ్మ గొంతు కొంచెం తగ్గింది. బండి మీద కప్పే ప్లాస్టిక్ పట్టా వైపు చూసింది. మళ్లీ చింతకాయలు రోట్లో పోసింది.

జయలక్ష్మి తల వంచుకునే అంది. "ఆ రోజే తెలుసు నాకు, తప్పు చేశానని. పచ్చడి అని చెప్పొచ్చు కదా అన్నాను చూడు, ఆ మాట నాకే గుచ్చుకుంది. క్షమించమని అడుగుదామంటే నోరు రాలేదు. తరవాత తరవాత బండి దాటి వెళ్లడమే కష్టమైంది." ఆగి, నెమ్మదిగా అడిగింది. "తొక్కు... ఎలా చేస్తారు?"

సత్తెమ్మ దగ్గర నాలుగేళ్లుగా ఒక జవాబు సిద్ధంగా ఉంది. పారేసే దానితోని మీకేం పని మేడం, అని. అది నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె రోకలి ఎత్తి, దాన్ని జయలక్ష్మి చేతికి ఇచ్చింది.

జయలక్ష్మి కొంగు బిగించి ఒక్క పోటు వేసింది. టక్కుమంది.

"మెల్లగ మేడం! గంత జోరు వద్దు. గింజ పగుల్తది."

రెండో పోటు మెత్తగా పడింది. మూడోది ఇంకా మెత్తగా. ఉప్పు, పసుపు కలిపి, పోచమ్మ జాడీకి ఎత్తి, గుడ్డ కట్టారు.

"మూడొద్దులు దీన్ని ముట్టొద్దు," అంది సత్తెమ్మ. "అప్పుడు గింజ తీసి మళ్ల నూరుడు. గప్పుడు రాండ్రి."

జయలక్ష్మి లేచి, పసుపు అంటిన చేతులు చూసుకుంది. మెట్ల దగ్గరికి వెళ్లి వెనక్కి తిరిగింది.

"వస్తానండి," అంది.