ఏ బాయి సైరన్ లెక్క?

మా చిన్నప్పుడు... ఒక మధ్యాహ్నం మా బాపును సగం కాలనీ భుజాలకెత్తుకుంది. మిగతా సగం కాలనీ చెప్పులు చేతిలో పట్టుకుని ఆయన కోసం వెతికింది.

ఇంతకీ ఆయన చేసిందల్లా ఒక్కసారి విజిల్ ఊదడం...

మా గోదావరిఖనిలో బొగ్గు గనిని బాయి అంటారు. మా క్వార్టర్లకు ఇటు పాతబాయి, అటు కొత్తబాయి. బాపు పనిచేసేది పాతబాయిలో. అమ్మ సొంత తమ్ముడు రాజం మామది కొత్తబాయి. ఆ ఏడు బాస్కెట్‌బాల్ ఫైనల్ ఈ రెండు బాయిల మధ్యే పడింది. తీరా ఆట రోజు మంచిర్యాల నుంచి రావలసిన రెఫరీకి జ్వరమని కబురొచ్చింది.

పెద్దమనుషులు చెట్టు కింద కూర్చుని ఆలోచించారు. చివరికి ఒకాయన తేల్చాడు.

"మన నర్సన్నను పెడుదాం. ఆయనది పాతబాయి, ఆయన బామ్మర్ది కొత్తబాయి దిక్కు ఆడుతుండు. ఇటు జీతం, అటు పెండ్లాం... ఎటూ ఒరగడు!"

అందరికీ ఇది మహా న్యాయంగా తోచింది. బాపు మెడలో విజిల్ వేశారు.

గ్రౌండ్‌లో గంటా లేదు, గడియారమూ లేదు. మా దగ్గర ఎసరు పెట్టడం దగ్గర్నుంచి పిల్లల్ని లేపడం దాకా అన్నీ షిఫ్టు సైరన్ మీదే నడిచేవి. ఆట కూడా అంతే... సైరన్ కూస్తే ఖతం. కూయకముందు బంతి చెయ్యి దాటితే లెక్క, కూసినాక దాటితే లేదు. ఇందులో ఎవరికీ అనుమానం లేదు.

ఏ బాయి సైరన్ అని మాత్రం ఒక్కరూ అడగలేదు. పాతబాయి వాళ్ళకు సైరన్ అంటే పాతబాయిదే, కొత్తబాయి వాళ్ళకు కొత్తబాయిదే. రెండింటికీ నడుమ గుక్కెడు నీళ్ళు తాగేంత తేడా ఉండేది.

ఇక ఆట చివర... పాతబాయి ఒక్క పాయింటు ముందుంది. బంతి మామ చేతిలో ఉంది. అప్పుడు పాతబాయి సైరన్ అందుకుంది. బాపు బుగ్గలు పూరించి విజిల్ ఊదేశాడు. మామ అదేమీ పట్టనట్టు ఉన్నచోటి నుంచే విసిరాడు. బంతి గాల్లో ఉండగా కొత్తబాయి సైరన్ మొదలైంది. బంతి రింగు మీద రెండు చుట్లు తిరిగి, కాసేపు ఆలోచించుకుని, లోపల పడింది.

బాపు చేతులు అడ్డంగా ఊపాడు. "లేదు! సైరన్ అయినంక ఏసిండు."

"ఏ సైరన్ బావా? నేను ఏసినప్పుడు మా సైరన్ ఇంకా కూయనే లేదు!"

"నేను డ్యూటీ దిగేది మా బాయి సైరన్‌కే. గదే లెక్క."

"అయితే నేను మీ బాయిల పని చేస్తున్ననా?"

ఆ తర్వాత జరిగిన దాన్ని ఆట అనలేం...

బాపు పాతబాయి వాళ్ళు వేసిన పూలదండతో ఇంటికొచ్చాడు. అమ్మ ఆ దండ తీసి పెరట్లోని మేక ముందు పడేసింది. "నా తమ్మున్ని ఓడగొట్టి దండ ఏసుకొని వచ్చినవా?" అని బాపును కాదు, మేకను అడిగింది.

మామ కూడా తక్కువ తినలేదు. బాస్కెట్ ఇచ్చేదాకా బావ గడప తొక్కనని ఒట్టేశాడు.

నాలుగు రోజుల్లో చల్లారుతుంది అనుకున్నాం. కానీ రాఖీ పండుగ వచ్చింది... మావైపు ఆడబిడ్డలకు అంతకంటే పెద్ద పండుగ లేదు. తమ్ముడికి కట్టేదాకా అమ్మ పచ్చి మంచినీళ్ళు ముట్టదు. పొద్దెక్కింది, మధ్యాహ్నమైంది, మామ రాలేదు. అమ్మ గుమ్మంలోనే కూర్చుంది. ఆమె మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. బాపు మీద, మామ మీద, ఆ బంతి మీద కూడా కోపమొచ్చింది.

చివరికి అమ్మ రాఖీ పళ్ళెం పట్టుకుని, నా చెయ్యి పట్టుకుని గ్రౌండ్‌కు నడిచింది. అనుకున్నట్టే బాపూ మామా ఇద్దరూ రింగు కింద ఉన్నారు. సైరన్ కూసేసరికి బంతి ఎక్కడుందో నేల మీద బొగ్గుతో గీతలు గీసుకుని మరీ తగువాడుకుంటున్నారు. అమ్మ నేరుగా వెళ్ళి మామ చెయ్యి లాగి రాఖీ కట్టింది.

"బాస్కెట్ ఉన్నదో లేదో మీరు మీరు చూసుకోండ్రి. నాకు తమ్ముడు కావాలె. కొట్లాడుడే ఉంటే ఇంట్ల కూసొని, బువ్వ తినుకుంట కొట్లాడుండ్రి."

మామ ఒట్టు అక్కడితో సరి. ఇద్దరూ తలలు వంచుకుని అమ్మ వెనకాలే ఇంటికొచ్చారు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం మామ మా ఇంటికే... చెప్పులు విడవకముందే "ఇగ చెప్పు బావా" అని మొదలుపెట్టేవాడు. కూర గిన్నె రింగు, ఉడకబెట్టిన గుడ్డు బంతి. అమ్మకు విసుగొచ్చి ఆ బంతిని ముక్కలు కోసి ఇద్దరికీ వడ్డించేది.

ఏళ్ళు గడిచాయి. ఇద్దరూ రిటైరయ్యారు. పాతబాయి మూతపడింది. తగువు మాత్రం మూతపడలేదు...

మొన్న బాపుకు ఒంట్లో బాగాలేదు. దవాఖాన నుంచి వచ్చి పడుకున్నాడు. ఆదివారం కదా, మామ వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకుని మొదలుపెట్టాడు. బాపు కళ్ళు మూసుకునే అన్నాడు...

"సరే రాజం... అది బాస్కెట్టే. ఇచ్చిన పో."

మామ సంతోషిస్తాడనుకున్నాను. ఆయన మొహం పాలిపోయింది.

"గట్లంటవేంది బావా! గిప్పుడిస్తే నేనేం చెయ్యాలె? వచ్చే ఐతారం వచ్చి ఏం మాట్లాడాలె?" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

బాపు ఒక కన్ను తెరిచాడు. "అయితే లేదు పో. సైరన్ అయినంకనే ఏసినవ్."

మామకు ప్రాణం లేచొచ్చింది. కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. "అసలు నేను ఏసినప్పుడు నువ్వు నా దిక్కు చూసినవా? మొదలు గది చెప్పు!"

ఇప్పుడు ఎక్కడెక్కడి ఆటలన్నీ ఫోన్లలో చూస్తున్నాం. రెఫరీది తప్పో ఒప్పో రీప్లే వేసి నిమిషంలో తేల్చేస్తారు. మంచిదే... కానీ అంత తొందరగా తేలిపోయిన తగువు కోసం ఏ మామ ప్రతి ఆదివారం ఇంటికొస్తాడు చెప్పండి?

మీ ఇళ్ళలోనూ ఇలాంటి తెగని తగువేదైనా ఉంటే కింద రాయండి... దాన్ని మాత్రం తేల్చుకోకండి.