పౌలు చేతిలో కత్తి

సత్యారావు ముప్పై నాలుగేళ్లు గార్డెన్ రీచ్‌లో ఓడల కార్ఖానాలో రంగులు వేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఖిదిర్‌పూర్ చుట్టుపక్కల దుర్గాపూజ పందిళ్లలో చిన్నాచితకా రంగు పనులకు వెళతాడు. అసురుడి మీసం, సింహం నోరు, అమ్మవారి చేతుల్లో ఆయుధాలు. అందుకే, వాట్‌గంజ్‌లో తమ తెలుగువాళ్ల ఇళ్ల లైను పక్కనున్న చర్చిలో ఒక బొమ్మ రంగు వెలిసిపోయిందని పక్కింటి పుష్పరాణి పిలిస్తే, రెండు రోజుల పనే కదా అని బ్రష్షులు పట్టుకెళ్లాడు. పుష్పరాణి కార్పొరేషన్‌లో ఊడుస్తుంది. ఆ చర్చి శుభ్రం చేసేదీ ఆమే.

నిలువెత్తు బొమ్మ. గడ్డం, ఎర్ర శాలువా, కుడిచేతిలో పొడుగాటి కత్తి. కత్తి ఉందంటే యుద్ధం చేసినవాడే అనుకున్నాడు. కనుబొమలు ముడివేసి, కళ్లకు ఎర్రజీర పెట్టి, కత్తి అంచు తళతళలాడించాడు.

పుష్పరాణి చూసి చీపురు కింద పడేసింది.

"ఏటి మావయ్యా! మా పునీత పౌలుని రాచ్చసుణ్ణి సేసీనావు!"

"కత్తి పట్టుకున్నోడు నవ్వుతాడేటే? ఎవుణ్ణి సంపినాడో సెప్పు."

"సంపడవేటి? దేవుణ్ణి ఒదల్నేదని ఆ కత్తితో ఆయన తలే నరికీసినారు."

"మరి సంపిన కత్తి సచ్చినోడి సేతిలో ఎందుకుంటాదే?"

పుష్పరాణి చీపురు ఎత్తుకుంది. "సిన్నప్పట్నుంచీ అలగే ఉంది మావయ్యా."

ఇద్దరూ ఫాదర్ దగ్గరికి వెళ్లారు. ఆయన బెంగాలీ, వయసులో చిన్నవాడు.

"దాదా, ఈ పునీతుల ముఖాలు మనమెవరం చూశాం?" అన్నాడు హిందీలో. "అందరికీ గడ్డాలే. కత్తిని బట్టి పౌలు అంటాం. రాళ్లతో కొట్టి చంపినాయన చేతిలో రాళ్లుంటాయి. దేనివల్ల పోయారో అదే ఆనవాలు."

 సత్యారావు తమ్ముడు వెంకటేశు రేవులో క్రేను కొక్కెం తగిలి పోయాడు.

"అయితే క్రేను తగిలి పోయిన మా తమ్ముడి చేతిలో కొక్కెం పెట్టాలా?" అని అడిగేశాడు.

ఫాదర్ కుర్చీ అతని దగ్గరికి జరుపుకున్నాడు. "తమ్ముడనగానే మీకు ముందు ఏం గుర్తొస్తుంది?"

కొక్కెమే. సత్యారావు లేచి బొమ్మ దగ్గరికి వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు ఆ ముఖం తుడిచి, మళ్లీ వేశాడు. కోపం తీసేస్తే భయంలా వచ్చింది. భయం తీసేస్తే నిద్రలా వచ్చింది. చివరికి కళ్లు తిన్నగా చూస్తున్నట్టు పెట్టి వదిలేశాడు. కత్తి మెరుపుని బూడిదరంగుతో తగ్గించాడు. అది తప్పో ఒప్పో తేలలేదు.

ఆదివారం దుర్గాంబ అనే ముసలామె వచ్చి కత్తిని తాకి, ఆ చెయ్యి కళ్లకద్దుకుంది. సత్యారావు ఉండబట్టలేకపోయాడు.

"అప్పా, అది ఆయన్ని సంపిన కత్తి."

"తెల్సురా. అందుకే కదా దణ్ణం ఎట్టినాను," అందామె.

అందుకే అంటే ఎందుకో చెప్పకుండా ఆమె బెంచీ వైపు వెళ్లిపోయింది. 

ఇంట్లో భార్య అప్పమ్మ "పని కుదిరిందా?" అంది.

"జనం దణ్ణం ఎట్టినారు. నాకే ఏటీ అర్దం కానేదు," అంటూ కాళ్లు కడుక్కున్నాడు.