కార్యదర్శి చేతిరుమాలు

ఊళ్లో అందరూ అతన్ని మైకు అనే పిలిచేవాళ్లు. అత్తగారు కూడా అల్లుడుగారూ అనడం ఎప్పుడో మానేసింది. సభ ఎవరిదైనా, జెండా ఏ రంగుదైనా హారన్లు కట్టేది అతనే, వేదిక పక్కన గొంతులు పెంచి తగ్గించే మిక్సరు ముందు కూర్చునేదీ అతనే. పెళ్లీడు రాకముందు నుంచీ అదే పని. ఆ ఊళ్లో ఏ పెద్దమనిషి ఏం వాగినా అతని వైర్లలోంచే వాగాడు. అందువల్ల తనకు రాజకీయం తెలుసని మైకుకు గట్టి నమ్మకం. తెలిసింది వినడమే, అదీ చెవులతోనే.

ఊళ్లో ఇంకా సౌండువాళ్లు ఉన్నారు. వాళ్ల పెట్టెలు కొత్తవి, రేటు తక్కువ. అయినా పెద్దల సభలన్నీ వచ్చి మైకు ఒళ్లోనే పడేవి. దానికి కారణం అతని చేతివాటం. సభ చివర జనాన్ని మాట్లాడమంటారు కదా, అందులో ఎవడైనా అడగకూడనిది అడిగాడనుకోండి, నిర్వాహకుడు చేతిరుమాలు తీసి నుదురు తుడుచుకుంటాడు. ఏసీకి పళ్లు టకటకలాడే హాల్లో ఆయనొక్కడికే చెమట. వెంటనే మైకు మీట కిందికి జారుస్తాడు. ఠక్కున ఆపితే గొడవవుతుంది. ముందు గరగర, తర్వాత సగం సగం మాటలు, ఆ తర్వాత ఏమీ లేదు. "సాంకేతిక లోపం, మన్నించాలి" అంటాడు నిర్వాహకుడు. గొంతు పిసికి, సహజ మరణమని రాసివ్వడం లాంటిదది. జీతం రాని పంతులమ్మ ప్రశ్న, లాకప్పులో కొడుకు పోయిన తల్లి ప్రశ్న అలా అతని వేళ్ల కిందే ప్రాణం విడిచాయి. మైకు ఇంటికెళ్లి కడుపునిండా తినేవాడు.

ఇల్లు నీళ్ల ట్యాంకు సందులో. ఆ ట్యాంకు తాతల నాటిది. స్తంభాలకు పెచ్చులూడి, లోపలి ఇనుము పక్కటెముకల్లా బయటపడింది. ఈ మధ్య ఒక స్తంభం అడ్డంగా చీలింది. చీలిక మీదుగా కారే నీళ్లు సరిగ్గా మైకు ఇంటి రేకుల మీదే పడేవి. ఆ రేకుల కిందే అతని భార్య కుట్టుమిషను. పైన నీళ్లు టప్పుమన్నప్పుడల్లా ఆమె తొక్కుడు ఆగేది. మున్సిపాలిటీ చుట్టూ తిరిగి తిరిగి ఆమె చెప్పులరిగాయి కానీ ఛైర్మన్ గది తలుపు తెరుచుకోలేదు.

అలాంటి ఊరికి ఒక అంతర్జాతీయ సదస్సు వచ్చి పడింది. ప్రజాస్వామ్యమూ మానవ భద్రతా అని దాని పేరు. ఏయే దేశాలవాళ్లో దిగారు. ఆ దేశాల్లో కొన్ని బాంబులు అమ్ముతాయి, కొన్ని కొంటాయి, మిగతావి అప్పు తెచ్చి కొంటాయి. అందుచేత భద్రత గురించి మాట్లాడే అర్హతకు అక్కడ కొరత లేదు. తెల్లజుట్టు ప్రతినిధి ఒకాయన మొదటిరోజే లేచి, "సరిహద్దు కాపలా కాస్తే భద్రత అయిపోదు. మనిషి తన కప్పు కింద భయం లేకుండా నిద్రపోవాలి" అన్నాడు. హాలు చప్పట్లతో మారుమోగింది. చెప్పినాయన ఆ రాత్రి హోటలు పదో అంతస్తులో నిశ్చింతగా నిద్రపోయాడు.

మైకు ఇంటికొచ్చి ఆ మాట గొప్పగా చెప్పాడు, తానే రాసిచ్చినట్టు.

"నిజంగా కప్పు అనే అన్నాడా?" అంది భార్య, దారం పళ్లతో తెంపుతూ.

"ఈ చెవులతో విన్నా."

"రేపు జనం మాట్లాడేది ఉందన్నావుగా. నేనొస్తా. ఆ దొరల ముందు అడిగితే ఛైర్మను కాదనలేడు. నీ మైకు మాత్రం సరిగ్గా పలకాలి."

"నా చేతిలో ఉన్నది నీకు పలకదా ఏంటే!"

మర్నాడు హాల్లో బల్లల మీద జెండాలు, చెవులకు హెడ్‌ఫోన్లు. వెనక గాజుగదిలో అనువాదకుడు. మైకులోంచి వచ్చిందే అతనికి వినపడుతుంది, అతను చెప్పిందే దొరలకు అర్థమవుతుంది. ఆ కార్యక్రమానికి ప్రజల గొంతు అని పేరుపెట్టారు. ప్రజల్ని చివరి వరుసలో కూర్చోబెట్టారు.

భార్య లేచింది. మెడలో కొలతల టేపు తీయడం కూడా మర్చిపోయింది.

"అయ్యా, మనిషికి కప్పు కింద భయం ఉండకూడదన్నారట. మా కప్పు మీద ట్యాంకుంది. దాని స్తంభం చీలింది. మీరు వెళ్లేలోగా ఒక్కసారి వచ్చి చూడండి. మా ఛైర్మన్‌గారికి కూడా ఓట్లు అయ్యాక ఆ దారి గుర్తులేదు, మీ వెంట వస్తే—"

వెనక వరుసల్లో నవ్వులు. వేదిక మీద ఛైర్మన్ మెడ తిప్పి సదస్సు కార్యదర్శి వంక చూశాడు. కార్యదర్శి రుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు.

మైకు చేతి కింద మీట జారింది. ఎదురుగా నిలబడింది పెళ్లామని కళ్లు చూస్తూనే ఉన్నాయి. చేతికి ఆ సంగతి తెలియలేదు, దానికి తెలిసిన బంధువు రుమాలొక్కటే. గరగర, సగం మాట, ఆపైన ఏమీ లేదు.

ఆమె గొంతు పెంచింది. స్తంభం, పిల్లలు, రేకులు అంటూ అరిచింది. వెనక వరుసలన్నిటికీ వినపడింది. గాజుగదిలో అనువాదకుడు గోళ్లు చూసుకుంటున్నాడు. చేతులూపుతున్న ఆడమనిషిని చూసి దొరలు మురిపెంగా నవ్వారు. మీట పైకి తోయడానికి మైకుకు అప్పుడైనా వ్యవధి ఉంది. కానీ రుమాలు ఇంకా కార్యదర్శి చేతిలోనే ఉంది. మైకు వంగి, ఏ రోగమూ లేని వైరును పీకి మళ్లీ గుచ్చాడు.

"ప్రజలు స్వేచ్ఛగా గొంతు విప్పారు" అని కార్యదర్శి ముగించాడు. మళ్లీ చప్పట్లు.

ఇంట్లో అత్తగారు గుమ్మంలోనే అందుకుంది. "ఏమయ్యా మైకూ, ఊళ్లో గొంతులన్నీ అయిపోయి మా పిల్ల గొంతు మీద పడ్డావా?"

"లైనులో లోపం అత్తా."

"లైనులో కాదు" అంది భార్య.

తెల్లారగానే ఆమె సందులోని ఆడవాళ్లను వెంటేసుకుని ట్యాంకు కిందికి వెళ్లింది. నీళ్లు పైకి ఎక్కించే వాల్వు మూసేసి, కాలువలోకి వదిలేది బార్లా తిప్పేశారు. ట్యాంకు ఖాళీ అయింది. చీలిక కారడం మానేసింది. ఆమె మూసిన వాల్వు చక్రం మీద కూర్చుంది.

హోటలుకూ నీళ్లు ఆ ట్యాంకువే. విమానాలకు బయల్దేరాల్సిన దొరల గదుల్లో కొళాయిలు బుస్సుమన్నాయి. కప్పు గురించి చెప్పినాయన ముఖాన సబ్బు నురగతో వరండాలోకి వచ్చి కేకలేశాడట. నెత్తిమీద ట్యాంకు కూలబోతుంటే చీమకుట్టనట్టున్న ఊరు, ఒక్క ముఖం కడుక్కోవడానికి పరుగులు పెట్టింది. ఛైర్మన్ వచ్చాడు. కార్యదర్శీ వచ్చాడు. ఆటో మీద హారన్లు కట్టుకుని మైకూ వచ్చాడు, పిలిస్తే రానివాడా!

"నా అక్కచెల్లెళ్లారా!" అని ఎత్తుకున్నాడు ఛైర్మన్. "మీ భద్రతే నా ఊపిరి. ముందు ఆ వాల్వు వదలండి. తర్వాత కమిటీ వేసి—"

భార్య మైకు వంక చూసింది. నడుముకు దోపుకున్న గుడ్డముక్క తీసి, తొందర లేకుండా నుదురు తుడుచుకుంది.

మీట జారింది. గరగర, సగం మాట, ఆపైన ఏమీ లేదు. ఛైర్మన్ చేతిలోని మైకును తట్టి, ఊది, అరిచాడు. హారన్లు లేకపోతే ఆయన గొంతు ఇంతేనా అని సందు సందంతా పకపకా నవ్వింది. కార్యదర్శికి మొదటిసారి నిజంగా చెమట పట్టింది. తుడుచుకున్నాడు కూడా. మీట కదల్లేదు.

"స్తంభాలు కొత్తవి కట్టేదాకా ఇందులోకి చుక్క ఎక్కదు" అంది ఆమె. దానికి మైకు అక్కర్లేకపోయింది. "ఇక్కడే, అందరి ముందూ చెప్పండి. కట్టిస్తారా, దొరల్ని నురగతోనే సాగనంపుతారా?"

హోటలు నుంచి ఫోను మీద ఫోను. కట్టిస్తానని ఛైర్మన్ అందరి ముందూ ఒప్పుకున్నాడు, హారన్లు లేకుండానే. మధ్యాహ్నానికి ఇంజనీరు వచ్చి ట్యాంకు వాడకూడదని గోడ మీద ఎర్రరంగుతో రాయించాడు. ఊరికి లారీల్లో నీళ్లు, కట్టుబడి పూర్తయ్యేదాకా చక్రానికి సందువాళ్ల తాళం.

జనం పలచబడ్డాక మైకు ఛాతీ విరుచుకుని భార్య దగ్గరికొచ్చాడు. "చూశావా, ఎలా కోశానో?"

"చూశా. ఇవాళ్టికి రుమాలు నాది. రేపు ఇంకెవడిదో" అంది ఆమె, లేచి చీర దులుపుకుంటూ. "పో, పోయి హారన్లు విప్పుకో."

మెచ్చుకుందనుకున్నాడు మైకు. ఈల వేసుకుంటూ వెళ్లి విప్పుకున్నాడు.