ఊరి పండగ, ఈరోజు సెలవు

అరకులో ఇల్లు అద్దెకు తీసుకున్న కొత్తలోనే నాకు భోజనానికి ఒక చోటు దొరికింది. మెయిన్ రోడ్డు దిగి కాఫీ తోటల మధ్య మట్టిదారిలో కాసేపు నడిస్తే ఒక చిన్న ఊరు వస్తుంది. ఎదురెదురుగా రెండు వరసల ఇళ్ళు, మధ్యలో వీధి, అంతే. చివరింటామె తన పెరట్లో పనసచెట్టు కింద పొయ్యి పెట్టి, అడిగినవాళ్ళకు వండి పెట్టేది. సామల అన్నం, చిక్కుడుగింజల కూర, ముందు రోజు చెబితే బొంగు చికెన్. కొండ ఊట నీళ్ళు పైపులో పెరట్లోకే వచ్చేవి. అత్తగారు అరుగు మీద కూర్చుని అల్లం చెక్కు తీస్తూ, వచ్చినవాళ్ళను ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అని అడుగుతూ ఉండేది. వండే ఆమె భర్త పోయాక ఆ అత్తాకోడళ్ళిద్దరూ ఆ పొయ్యి మీదే బతుకుతున్నారు. నేను చాలాకాలం దినపత్రికలో పనిచేసి వచ్చానని తెలిసి ఊరంతా నన్ను పేపరు బాబు అనేవారు.

ఒకరోజు నేను తింటూ ఉండగా పాడేరు నుంచి ఒకమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చింది. చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళను ఫోన్ మ్యాపులో చేర్చడం, ఫొటోలు పెట్టడం, ఫోన్‌తో డబ్బు తీసుకోవడం నేర్పడం ఆమె ఉద్యోగం. ప్రభుత్వం పెట్టిన పథకం. జీపులెక్కుతూ దిగుతూ ఊరూరూ తిరుగుతోంది. ఆ కొండల్లో పుట్టిన పిల్లే కాబట్టి మాట కలపడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అక్కా, నీ వంట గురించి జీపోళ్ళు ఒకటే సెప్తన్నారు. మ్యాపులో పెట్టీసుకో. ఇశాపట్నం నుంచి తిన్నగా నీ పెరట్లోకే ఒత్తారు."

"తిన్నగా నా పెరట్లోకి ఒత్తే, మా ఊరోళ్ళు నన్ను తిన్నగా ఎక్కడికి పంపుతారో," అని ఆమె నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "అది కాదే గుంటా, పండగలప్పుడు మా ఊళ్ళోకి బైటోళ్ళు అడుగెట్టకూడదు. రోడ్డు మీద కొట్టయితే నాకేటి బాద? ఇది ఇల్లు కదేటి," అంది.

ఆ అమ్మాయి నావైపు చూసింది. మ్యాపులో సెలవు రోజులు పెట్టుకోవచ్చని, ఆ రోజు మూసి ఉన్నట్టు అందరికీ కనిపిస్తుందని నేను విడమరిచి చెప్పాను. చాలా సులువుగా చెప్పాను. ఆమె చేతికంటిన పిండి కడుక్కుంటూ విన్నది.

"నువ్వు సూసుకుంతానంటే పెట్టు బాబూ."

చూసుకుంటానన్నాను. ఆ ఊళ్ళో ఫోన్ సిగ్నల్ సరిగా అందదు కాబట్టి, సెలవులు నా ఫోన్ నుంచి కూడా మార్చేలా ఆ అమ్మాయి ఏర్పాటు చేసింది. ట్యాబ్‌లో పండగల జాబితా ఒకటి దానంతటదే వచ్చింది. ఉగాది నుంచి క్రిస్మస్ దాకా అన్నీ ఉన్నాయి. ఈ ఊరి పండగలు ఒక్కటీ లేవు. ఉండే వీలూ లేదు. నక్షత్రాలు చూసి ఊరికి మంచిరోజు పెట్టే పెద్దమనిషిని ఇక్కడ దిసారి అంటారు. ఆయన నోరు విప్పేదాకా పండగ ఎప్పుడో ఎవరికీ తెలియదు.

"దిసారికి ఇందులో గడి నేదు సార్," అంది ఆ అమ్మాయి. ముగ్గురం నవ్వుకున్నాం.

ఆ చలికాలమంతా మట్టిదారి మొదట్లో కార్లు ఆగాయి. పెరట్లో రెండో పొయ్యి వెలిగింది. అత్తగారికి విశాఖపట్నంలో కంటి ఆపరేషన్ అయింది. ముసలామె అందరి మొహాలూ కొత్తగా చూస్తున్నట్టు చూసి, "నువ్వింత నల్లగుంతావేటి బాబూ," అని నన్ను ఆటపట్టించింది. పాడేరు అమ్మాయి ఏ ఊరు వెళ్ళినా ఈమె సంగతే చెప్పేదట. నాకూ లోపల గర్వంగానే ఉండేది.

ఎండాకాలంలో విత్తనాల పండగ వచ్చింది. ప్రతి ఇంటి నుంచి గుప్పెడు విత్తనాలు తెచ్చి ఊరి దేవత ముందు పోస్తారు. పూజ అయ్యాక వాటిని కలిపి ఇంటింటికీ పంచుతారు. ఆ గింజలు అందాకే ఎవరైనా నాగలి పట్టేది. పండగనాడు తెల్లవారగానే ఊళ్ళోకి వచ్చే దారికి అడ్డంగా మామిడాకులు గుచ్చిన గడ్డితాడు కడతారు. తాడు కట్టాక బయటి మనిషి లోపలికి వస్తే పూజ చెడినట్టే. దిసారి మళ్ళీ ఇంకో రోజు వెతకాలి.

సంతలో పసుపు కొమ్ముల గుట్టల మధ్య ఆమె నన్ను పట్టుకుంది. "దిసారి సెప్పీసినాడు. ఎల్లుండే పండగ. బేగి పెట్టీ బాబూ."

అక్కడికక్కడే ఫోన్ తీసి ఆ రోజుకు సెలవు పెట్టాను. కింద, ఏమైనా చెప్పదలిస్తే రాయమని ఒక ఖాళీ గడి కనిపించింది. అది నింపకపోయినా పని అయిపోయేది. కానీ కారణం లేని వార్త పత్రిక డెస్కులో ఎవరూ తీసుకోరు. ఏళ్ళ తరబడి చేతికి అంటుకున్న అలవాటు అది. 'ఊరి పండగ, ఈరోజు సెలవు' అని రాశాను.

"ఏటి రాసినావు?"

చదివి వినిపించాను.

"బాగుంది," అని పసుపు బేరంలో పడిపోయింది.

పండగనాడు నేను ఇంట్లోనే ఉన్నాను. జరిగింది సాయంత్రం ఒక జీపు డ్రైవర్ చెబితే తెలిసింది. కింద మైదానం నుంచి ఒక కుటుంబం కారులో వచ్చింది. భార్య, భర్త, ఆమె చెల్లెలు. భోజనం కోసమని మ్యాపు తెరిస్తే నేను రాసిన మాట కనిపించింది. గిరిజనుల పండగ, మళ్ళీ మళ్ళీ చూడలేమనుకున్నారు. మట్టిదారి ఎక్కి వచ్చేసరికి మామిడాకుల తాడు. వాళ్ళ ఇళ్ళల్లో శుభకార్యానికి గుమ్మానికి కట్టేది అదే. దాని ముందు నిలబడి ఫొటో దిగారు. తల వంచి కింద నుంచి లోపలికి వచ్చారు. దేవత దగ్గరికి వచ్చాక చెప్పులు విప్పారు. చేతిలో కొబ్బరికాయ కూడా ఉంది. అప్పటికి విత్తనాలు పోశారు, పంచలేదు. డప్పులు ఆగిపోయాయి. వాళ్ళేమో పూజ ముగిసిందనుకుని దండం పెట్టుకున్నారట.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. ఊరి పెద్ద అరుగు మీద మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆమె కాస్త దూరంగా, గోడవారన నిలబడి ఉంది.

"రా పేపరు బాబూ, రా," అన్నాడు ఊరి పెద్ద. "ఇయ్యాల తాడు నేదులే. బెంగెట్టుకోకు."

కొందరు నవ్వారు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"రావొద్దని చెప్పడానికే పెట్టాను తాతా," అన్నాను.

"రావొద్దని రాసినావా?"

నేను రాసింది అది కాదు.

"సెలవని రాసినావట. సెలవు దాని పొయ్యికి. పండగ సూడ్డానికి సెలవేటి?"

పక్కనున్న కుర్రవాడు అందుకున్నాడు. "మా పిన్ని యాపారం బాగానే ఉంది తాతా. మన దుక్కే ఆగిపోనాది." ముందు రాత్రే వాన పడింది. నేను నడిచి వచ్చిన దారి పక్కన పొలాలన్నీ మెత్తగా, నల్లగా, దున్నడానికి సిద్ధంగా ఉన్నాయి. వాటిలో ఒక్క మనిషి లేడు.

ఆమె అప్పుడు మాట్లాడింది. "బాబుని అనకండి. రాసింది నాకు సదివి ఇనిపించినాడు. నానే బాగుందన్నాను."

నన్ను తిట్టి ఉంటే నేను ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణి.

పెద్దలు తేల్చింది రెండు మాటల్లో అయిపోయింది. దిసారి మళ్ళీ రోజు పెడతాడు, ఆ పూజకు మేక ఆమె ఇంటి నుంచి రావాలి. ఇకమీదట బయటివాళ్ళకు వండే పొయ్యి ఊరి లోపల ఉండకూడదు. కావాలంటే రోడ్డు మీద పెట్టుకోవచ్చు.

మేక నేను తెస్తానన్నాను.

"బైటోడి మేక ఆ తల్లికి పనికిరాదు బాబూ," అన్నాడు ఊరి పెద్ద. ఈసారి వెటకారం లేదు. "పనికొచ్చీదయితే నిన్న ఆళ్ళు తెచ్చిన కొబ్బరికాయే కొట్టీసుందుం."

ఆమె తన పెంటి మేకను, ఈననున్నదాన్ని, అమ్మి పోతును కొన్నదని తర్వాత తెలిసింది. నాకు చెప్పలేదు.

పాడేరు అమ్మాయి కబురందిన వెంటనే వచ్చింది. ఊరి లోపలికి వెళ్ళకుండా మట్టిదారి మొదట్లోనే రాయి మీద కూర్చుని ట్యాబ్ తెరిచింది. "గడి కనిపిత్తే నింపమనే మాకు ట్రైనింగులో సెప్పినారు సార్. ఒగ్గీమని ఎవరూ సెప్పనేదు," అంది. తప్పు పంచుకోవాలని చూస్తోందని అర్థమైంది. ఆ వయసు పిల్ల నా కోసం ఆ పని చేయడం నాకు బాగా అనిపించలేదు.

అంతలో ఆమె స్క్రీన్ నావైపు తిప్పింది. ఆ కుటుంబం పెట్టిన ఫొటో. మామిడాకుల తాడు ముందు ముగ్గురూ నవ్వుతున్నారు. కింద, ఊరివాళ్ళు చాలా మంచివాళ్ళని, పండగ రోజుల్లో తప్పకుండా వెళ్ళమని రాశారు. అయిదు నక్షత్రాలు ఇచ్చారు. తీసేయమని అడుగుతూ ఆ అమ్మాయి వాళ్ళకూ రాసింది, మ్యాపు వాళ్ళకూ రాసింది. నేను ఇది రాస్తున్న నాటికి ఆ ఫొటో అక్కడే ఉంది. చోటు గుర్తును మాత్రం ఊళ్ళోంచి రోడ్డు మీదికి జరపగలిగింది.

రెండోసారి పూజ నాడు ఇద్దరం మట్టిదారి మొదట్లో నిలబడ్డాం. ఎవరూ మమ్మల్ని నిలబడమనలేదు. ఫొటో చూసి ఒక కారు వచ్చింది. దారి లేదని చెప్పి వెనక్కి పంపాం. "మరి ఆ డప్పులేంటండీ?" అని అందులోని పెద్దాయన అడిగాడు. తెలియదన్నాను. పైన డప్పులు ఆగకుండా మోగాయి. మధ్యాహ్నం దాటాక నాగళ్ళు దిగాయి. కానీ అప్పటికి ఎండలకు నేల మళ్ళీ బిగుసుకుపోయింది. ఎడ్లు తల వాల్చి ఈడుస్తున్నాయి.

ఇప్పుడు ఆమె పొయ్యి రోడ్డు పక్కన ఉంది. నాలుగు కర్రలు, పైన రేకు. గిరాకీ తగ్గలేదు, పెరిగింది కూడా. నీళ్ళు పైనుంచి బిందెలతో మోసుకురావాలి. పనసచెట్టు నీడ లేదు. అత్తగారికి ఆ దిగువ దారి నడిచే ఓపిక లేదు. కళ్ళు బాగయ్యాక చూడటానికి ఆమెకిప్పుడు ఖాళీ పెరడు మిగిలింది. పగలంతా ఒక్కతే.

మొన్న వెళ్ళేసరికి లోయలోంచి గాలి గట్టిగా వీస్తోంది. మంట నిలవడం లేదు. టూరిస్టులు చేతులు కడుక్కుని బల్ల మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు. నేను చాలా రోజులుగా అడగాలనుకున్నది అప్పుడే అడిగేశాను.

"నామీద కోపం లేదా అమ్మా?"

"కోపమేటి బాబూ," అంది పొయ్యి ఊదుతూ. "సూత్తన్నావు కదా, మంట ఆరిపోతాంది. ఆ రేకు ముక్క ఇలగ అడ్డు పట్టుకో."

పట్టుకున్నాను. అన్నం ఉడికింది. ఆమె ముందు బల్ల మీద వాళ్ళకు వడ్డించింది, తర్వాత నాకు. ఒక గిన్నెలో అన్నం, కూర విడిగా తీసి మూతపెట్టి పక్కన ఉంచింది. పైకి తీసుకెళ్ళాల్సిన అత్తగారి భోజనం. ఇంకో కారు ఆగింది. ఆమె మళ్ళీ బియ్యం కడగడం మొదలుపెట్టింది. పొద్దు కొండ వెనక్కి వాలినా గిన్నె అక్కడే ఉంది.