బెల్లు నొక్కని మనిషి

మంగతాయారుకు ఊరికే కూర్చోవడం చేతకాదు. జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో మా బిల్డింగులో కింది అంతస్తు వాళ్లది, పైది మాది. బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద వచ్చిన రవికిరణ్ భార్యగా దిగిన నెలకే జర్మన్ క్లాసుల్లో చేరింది. ఆ తర్వాత పిల్లల్ని చూసుకునే కోర్సు కూడా పాసయింది. కిటా అనే ఇక్కడి చంటిపిల్లల బళ్లలో ఖాళీలు లేవన్నారు. పని దొరికింది మాత్రం పక్క ఊళ్లో, యూదుల ప్రార్థనామందిరంలో. పండుగ రోజుల్లో పెద్దవాళ్లు హాల్లో ప్రార్థనలో ఉంటే, పక్క గదిలో పిల్లలకు వేరుగా ప్రార్థన, పాటలు, కథలు. అది నడిపే ల్యుద్మీలా అనే పెద్దావిడకు చేతి సాయం కావలసి వచ్చింది. "మా ఊరి గుళ్లో ప్రసాదం పంచేదాన్నండీ, ఇక్కడ జ్యూస్ పంచుతున్నా, అంతే తేడా" అనేది నాతో.

ఆ గదికి తొమ్మిది మంది పిల్లలు వచ్చేవారు. ఒకప్పుడు ముప్ఫై మంది ఉండేవారట. వాకిట్లో పోలీసు కారు, తూటాకు పగలని తలుపు, దాని మీద కెమెరా. అవి చూసి చూసి తల్లిదండ్రులు ఒక్కొక్కరే మానుకున్నారు. మిగిలిన తొమ్మిది మందీ ఎక్కడ మానేస్తారో అన్నదే ల్యుద్మీలా బెంగ. అందుకే నడవాలో ఒక్కో పిల్లకీ పిల్లాడికీ ఒక కోటు కొక్కెం, దాని పైన ఫొటో, పేరు, ఇంటిపేరు పెట్టించింది. తమకంటూ ఒక చోటు ఉంటే పిల్లలే అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని లాక్కొస్తారని ఆమె నమ్మకం. తాయారు కూతురు ఈషా ఆరేళ్లది, తల్లి వెంట వెళ్లేది. పదో కొక్కెం ఆ పిల్లది.

అక్కడ ఒక ఆచారం ఉంది. పండుగ నాడు నియమం పాటించేవాళ్లు కరెంటుతో పనిచేసేవి ముట్టరు. ఫోను తియ్యరు, కాలింగ్ బెల్లు నొక్కరు, తలుపు మీద వేళ్లతో తడతారు. కాపలా ఉండే బోరిస్ కెమెరాలో ముఖం చూసి తెరుస్తాడు. తాయారుకు మడి కట్టుకున్న వాళ్ల అమ్మమ్మ గుర్తొచ్చి, ఆ ఆచారం మీద ఎక్కడలేని గౌరవం పుట్టింది. బెల్లు నొక్కితే పరాయివాళ్లు, తలుపు తడితే ఇంటివాళ్లు అని తనకు తానే ఒక లెక్క వేసుకుంది. తెలివి ఎక్కువైనా కష్టమే.

ఆ ఏడు అక్టోబరులో ఆకుల పందిళ్ల పండుగ వచ్చింది. వీల్‌చైర్‌లో వచ్చిన ముసలావిడను మెట్లెక్కించడానికి వెళ్తూ, రెండు నిమిషాలు తలుపు చూడమని, తెలిసిన ముఖమైతేనే తెరవమని బోరిస్ తాయారుకు చెప్పాడు. అతను అటు వెళ్లగానే ఎవరో తలుపును మెల్లగా రెండుసార్లు తట్టారు. ముప్ఫై ఏళ్ల మనిషి, నెత్తిన వాళ్లు పెట్టుకునే చిన్న టోపీ, ఇస్త్రీ చొక్కా. తెలిసిన ముఖం కాదు. కానీ బెల్లు నొక్కలేదు. తాయారు తలుపు తీసింది.

అతను హీబ్రూలో పండుగ శుభాకాంక్షలు చెప్పి, నింపాదిగా నడవాలోకి వెళ్లాడు. కొక్కేల ముందు ఆగాడు. జేబులోంచి ఫోను తీసి, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కొక్క పేరూ ఫొటో తీశాడు. బెల్లు ముట్టనివాడు ఫోను ఎలా ముట్టాడన్నది అప్పుడు తట్టింది తాయారుకు. తేరుకుని అడ్డం వెళ్లేసరికి అతను నవ్వి, థాంక్స్ చెప్పి, వచ్చిన దారినే పోయాడు. లోపల పిల్లలు పాడుతూనే ఉన్నారు.

దాచేస్తే ఎవరికీ తెలియదు. చెబితే ఆ తొమ్మిది మందీ రేపటి నుంచి రారు, తన ఉద్యోగమూ ఉండదు. ఆ పాట అయ్యేదాకా గోడకు ఆనుకుని నిలబడి, తర్వాత వెళ్లి చెప్పేసింది. ల్యుద్మీలా తిట్టలేదు. ముందు పిల్లల్ని లెక్కపెట్టింది.

మర్నాడు వాంగ్మూలం ఇవ్వడానికి బయల్దేరుతుంటే రవికిరణ్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "పాప పేరు మాత్రం చెప్పకు తాయారూ. పర్మనెంట్ రెసిడెన్సీకి అపాయింట్‌మెంటు వచ్చే నెలే. అయినా మనం వాళ్లం కాదు కదా" అన్నాడు. అతన్ని తప్పుపట్టను, నేనైనా అదే అందును. ఆమె మాత్రం స్టేషన్‌లో పది పేర్లూ చెప్పింది. పదో పేరు దగ్గర పోలీసాయన పెన్ను ఆపి, ఈ పాప కూడా యూదుల పాపేనా అని అడిగాడు.

"ఫొటో తీసినతను అది అడగలేదండీ" అంది తాయారు.

ఆయన రాసుకున్నాడు. కెమెరా రికార్డింగులో టోపీ తప్ప ముఖం పోల్చుకునేంతగా పడలేదట. పిల్లల గదికి తాళం పడింది. ఆ తర్వాత వారం రోజులు తాయారు ఈషాను బడికి తనే తీసుకెళ్లి తనే తెచ్చుకుంది. దారిలో ఎవరు నవ్వినా ఉలిక్కిపడేది. చెయ్యి నొప్పెడుతోందని ఈషా జర్మన్‌లో విసుక్కునేది.

ఎనిమిదో రోజున మా పోస్టు డబ్బాల దగ్గర తాయారు కనిపించింది. చేతిలో కవరు, దాని మీద స్టాంపు లేదు. లోపల ఈషా కొక్కెం ఫొటో, వెనక మా బిల్డింగు నంబరు. ఇంకే రాతా లేదు. ఎవరో వచ్చి చేత్తో వేసిపోయారు. ల్యుద్మీలా దగ్గరకు ఆమె ఒంటరిగా వెళ్లేలా లేదని నేనూ వెంట వెళ్లాను.

ల్యుద్మీలా ఆ కవరు చూసింది. బల్ల సొరుగు లాగింది. అందులో అలాంటివే తొమ్మిది కవర్లున్నాయి. వాటిని మొదటి రెండు రోజుల్లోనే తల్లిదండ్రులు తెచ్చి ఇచ్చారట. పోలీసులకు చెప్పారట గానీ, తాయారుకు చెప్పవద్దని ల్యుద్మీలాయే అందర్నీ బతిమాలుకుందట.

"ఇవాళ పొద్దుటి దాకా సంతోషంగా ఉన్నాను" అంది. "నీ పాపనైనా వదిలేశారనుకున్నాను."