ఎలుకల తరవాత మా పాప

నూజివీడు బస్సులో మామిడి బుట్టల మధ్య ఇరుక్కుని కూర్చున్నాం. టీబీకి రోజూ వేయిస్తున్న ఇంజెక్షన్లతో గడ్డలు కట్టిన మా పాప కాలు చూసి, పక్కాయన జేబులోంచి చిన్న సీసా తీసి తలకిందులు చేశారు. లోపలి జెల్లీ జారలేదు.

"మా ల్యాబులో చేశామండీ. ఈ కొవ్వులో నీళ్లు కలిపితే, అణువులు వాటంతటవే గూళ్లుగా అమరతాయి. అందులో మందు పెడితే మెల్లగా వదులుతుంది. రోజూ పొడవక్కర్లేదు."

"అయితే పాపకి ఇవ్వండి."

"ఇంకా ఎలకలకేనమ్మా. మనుషులకి ఏళ్లు పడుతుంది."

బుట్టలావిడ, "ఎలకల యోగమే యోగం!" అంది.

నాకు ఒళ్లు మండింది. "ఇవ్వలేనిది ఎందుకు చూపించారండీ?"

ఆయన పాప వయసడిగి, సీసా చీటీ మీద 'రెండేళ్లు' అని రాసుకున్నారు.

ఇప్పటికీ కాంపౌండర్ సూది తీస్తే నా కోపం ఆయన మీదే. వేరే దారి లేదని సరిపెట్టుకున్నదాన్ని. ఉందని చూపించి హనుమాన్ జంక్షన్‌లో దిగిపోయారు.